పంపుల కంపెనీ

ఆ గదిలో నాలుగు మంచాలు, నాలుగు మిషన్లు, గోడకు ఎత్తుగా బిగించిన ఒక టీవీ ఉండేవి. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున్న ఏడింటికి వచ్చి పడుకుంటే పదకొండు దాటేదాకా లేవడానికి లేదు. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చేవారు. ఒకదాంట్లోంచి రక్తం మిషన్‌లోకి వెళ్లి, శుభ్రపడి, రెండోదాంట్లోంచి మళ్లీ ఒంట్లోకి వచ్చేది. కిడ్నీలు పనిచేయడం మానేసినవాళ్లకు వారంలో ఆ మూడు పూటలే ఆయుష్షు.

టీవీకి రిమోట్ ఒకటే కావడంతో మొదట్లో తగాదాలు వచ్చాయి. చివరికి మొదటి మంచం మీద ఉండే టీచరమ్మ పంపకం చేసింది. ఏడు నుంచి ఎనిమిది దాకా ఆటల చానల్, అది మూడో మంచం డ్రైవరుకు. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా వార్తలు, అంటే రాజకీయాలు, అది తనకు. తొమ్మిదింటికి మార్కెట్ తెరుస్తారు కాబట్టి ఆ గంట రెండో మంచం మీది షేర్ల సారుకు. పది దాటాక ఎవరికీ కళ్లు విప్పే ఓపిక ఉండేది కాదు. టీవీ తన మానాన తను మాట్లాడుకునేది.

నాలుగో మంచం మీద మనుషులు మారుతూ ఉండేవారు. వాళ్లతో పరిచయం పెంచుకోకూడదని ముగ్గురూ ఎవరికి వారే నేర్చుకున్నారు.

షేర్ల సారు జన్మలో ఒక్క షేరు కూడా కొనలేదు. ఒక దినపత్రికలో ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రూఫులు దిద్ది రిటైరయ్యాడు. అందులో పంతొమ్మిదేళ్లు షేర్ల ధరల పేజీ ఆయనదే. చీమల బారుల్లా పేజీ నిండా అంకెలు. మూల కాగితాన్ని పక్కన పెట్టుకుని స్కేలు ఒక్కో వరుసే కిందికి జరుపుతూ సరిచూడాలి. ఒకసారి ఒక చుక్క పక్కకు జరిగి, నలభై రెండున్న షేరు నాలుగు వందల ఇరవైగా అచ్చయింది. ఎడిటర్ పిలిచి అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. ఆ తరవాత ఆయన తప్పు చేయలేదు. ఏ కంపెనీ ఏ ఏడాది ఎంత ఉందో ఆయనకు కంఠతా వచ్చింది. ఆ కంపెనీ ఏం చేస్తుందో మాత్రం చాలాసార్లు తెలియదు.

ఆయన ఈ గదికి వచ్చిన మొదటి రోజు భయంతో నోరు పిడచకట్టుకుపోయి ఉంది. అప్పుడు టీవీ తెర అడుగున అంకెలు పరుగులు తీస్తున్నాయి. ఆ ఒక్కటే ఆయనకు తెలిసిన సంగతి. "ఈ టైర్ల కంపెనీ పదేళ్ల కింద ముప్ఫై ఒకటి. వరదలొచ్చిన ఏడాది పంతొమ్మిదికి దిగింది," అన్నాడు ఎవరితోనో కాదు, తనతో తనే.

పక్క మంచం మీది డ్రైవరు మెడ తిప్పాడు. "మీరు షేర్లు వేస్తారా సారూ?"

ఎవరైనా తన వైపు అంత మర్యాదగా చూసి చాలా కాలమైంది. ఇంట్లో ముందు గదిలో ఆయన భార్య టైలరింగ్ షాపు నడుపుతుంది. ఆ ఇంట్లో ఏ నిర్ణయమైనా ఆమెదే. పత్రికాఫీసులోనైతే ఆయన్ను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు, కాగితం బల్ల మీద పడేసి వెళ్లేవారు.

"ఆ, ఏదో కొద్దిగా," అన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి ఆయన షేర్ల సారు అయ్యాడు.

డ్రైవరు సిటీ బస్సు ఇరవై రెండేళ్లు నడిపాడు. వయసు నలభై ఆరు. బీపీ ఉన్న సంగతి తెలియకుండానే కిడ్నీలు రెండూ పోయాయి. ఉద్యోగం వదులుకున్నప్పుడు వచ్చిన మొత్తాన్ని ఆపరేషన్ కోసం బ్యాంకులో వేసుకున్నాడు. కిడ్నీ ఇవ్వడానికి వాళ్లక్క ఉంది. లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. పరీక్షలన్నీ చేశారు, సరిపోతుందన్నారు. ఆపరేషన్‌కు కావలసినదానిలో ముప్పావు వంతు చేతిలో ఉంది. ఆ మిగతా పావు వంతు దగ్గరే బండి ఆగిపోయింది.

టీచరమ్మకు అరవై ఎనిమిది. ఒక హైస్కూలుకు హెడ్మిస్ట్రెస్‌గా చేసింది. ఆపరేషన్ ఆమె వయసుకు పనికిరాదన్నారు. "పోతే పోనీ, ఈ ఎన్నికల ఫలితాలు చూసి పోతే చాలు," అనేది. మంత్రుల గురించి తన క్లాసులో ఫెయిలైన పిల్లల గురించి మాట్లాడినట్టు మాట్లాడేది. "వాడికి లెక్కలు రావు. ఆర్థిక మంత్రిని చేశారు," అనేది. సూదులు గుచ్చే టెక్నీషియన్ అమ్మాయి నవ్వాపుకోలేక, "టీచరమ్మా, కదలకండి, నరం తప్పుతుంది," అని బతిమాలేది.

అలా ఏడాదిన్నర గడిచింది. ముగ్గురూ ఒంటి గురించి మాట్లాడుకునేవారు కాదు. రెండు పూటల మధ్య ఎంత నీరు చేరింది, కాళ్లెంత పొంగాయి అన్నవి బరువు చూసే మిషన్ చెప్పేది. మాటలన్నీ ఎవరు గెలుస్తారు, ఎవరు ఓడతారు, ఏది పెరుగుతుంది, ఏది పడుతుంది అన్నవాటి మీదే. వాళ్ల మాటల వల్ల ఏ ప్రభుత్వమూ కూలలేదు, ఏ జట్టూ ఓడలేదు. షేర్ల మాటలు కూడా అలాంటివేనని సారు అనుకున్నాడు.

పంపుల కంపెనీ సంగతి ఒక సోమవారం మొదలైంది. ఫుట్‌బాల్ పోటీలు అప్పుడే మొదలయ్యాయి.

"మావాళ్ల చొక్కాల మీద కొత్త పేరు పడింది, చూశారా?" అన్నాడు డ్రైవరు. "పంపుల కంపెనీ అట. ఎప్పుడూ వినలేదు."

"ఎందుకు వింటావు, నువ్వు వార్తల టైములో గురక పెడతావుగా," అంది టీచరమ్మ. "ఇంటింటికీ తాగునీటి కుళాయి ఇస్తామని ఇప్పుడున్న పార్టీ చెబుతోంది. గెలిస్తే దేశమంతా గొట్టాలు తవ్వి పూడుస్తారు. ఆ నీళ్లు పైకెక్కాలంటే పంపులు కావద్దూ? వాళ్లే మళ్లీ గెలుస్తారు. రాసిపెట్టుకో."

తొమ్మిది కొట్టాక టీవీలో అదే పేరు వచ్చింది. సారుకు ఆ వరుస కళ్లకు కట్టినట్టు గుర్తుంది. పేజీలో ఎడమవైపు, కింది నుంచి ఆరోది.

"పదకొండేళ్ల కింద ఇది పద్ధెనిమిది," అన్నాడు. "ఇప్పుడు అరవై. గొట్టాల పని మొదలైతే నూట ఇరవై ఎక్కడికీ పోదు."

ఆ మాట అన్నప్పుడు ఆయనకు తెలిసినవి పద్ధెనిమిది, అరవై అనే రెండు అంకెలే. నూట ఇరవై ఎక్కడి నుంచి వచ్చిందని తరవాత ఎన్నోసార్లు తనను తనే అడిగాడు. వినడానికి బాగుందని అన్నాడు, అంతకు మించి ఏమీ లేదు.

"అయితే మావాళ్లు గోల్ కొట్టినప్పుడల్లా మీ షేరు కూడా పెరుగుతుందన్నమాట," అని డ్రైవరు నవ్వాడు.

"గోల్ కొట్టడం నీ జట్టుకి చేతనైతే కదా," అంది టీచరమ్మ.

తరవాతి వారాల్లో డ్రైవరు ప్రశ్నలు మారాయి. ఏదైనా షేరు మంచిదేనా అని అడిగేవాడు కాస్తా, ఇవాళ కొనడం మంచిదా, రెండ్రోజులాగి కొనడం మంచిదా అని అడగడం మొదలుపెట్టాడు. ఖాతా ఎలా తెరుస్తారు, కొన్నది మళ్లీ ఎన్నాళ్లకు అమ్మొచ్చు అని అడిగాడు. సారు తెలిసినంత చెప్పాడు, తెలియనిది టీవీలో విన్నట్టు చెప్పాడు. ఆ ప్రశ్నలు ఎక్కడికి పోతున్నాయో ఆయనకు కొద్దిగా అయినా అర్థం కాలేదంటే అబద్ధమే. కానీ ఎవరో తన మాటకు అంత విలువ ఇవ్వడం ఆయనకు హాయిగా ఉంది. అడిగి నిర్ధారించుకుంటే ఆ హాయి పోతుందేమోనని అడగలేదు.

షేరు డెబ్భై దాటింది. ఎనభై దాటింది. తొంభై నాలుగు దగ్గర ఉన్న రోజున డ్రైవరు మంచం మీద నిలవలేకపోయాడు.

"ఏంటి తమ్ముడూ, మొహం వెలిగిపోతోంది?" అని టీచరమ్మ అడిగింది.

"అక్కని లాండ్రీలో సెలవు అడిగి పెట్టుకోమన్నాను. ఆపరేషన్‌కి ఒక నెల మంచం మీద ఉండాలట తను కూడా."

"డబ్బు సర్దుబాటయిందా?"

"అవుతోంది," అన్నాడు డ్రైవరు, సారు వైపు చూసి.

ఎన్నికల్లో టీచరమ్మ చెప్పిన పార్టీయే గెలిచింది. నాలుగు రోజుల తరవాత డ్రైవరు జట్టు కప్పు గెలిచింది. కెప్టెన్ కప్పు ఎత్తి పట్టుకుంటే ఛాతీ మీద పంపుల కంపెనీ పేరు టీవీ నిండా కనబడింది. నీళ్లు లెక్క చూసుకుని తాగవలసిన ఆ గదిలో టెక్నీషియన్ అమ్మాయి ముగ్గురి నోట్లో తలా ఒక ఐసు ముక్క పెట్టింది. ఐసు బుగ్గన ఉండగానే డ్రైవరు ఈల వేయబోయాడు, అది గొంతులోకి జారి పొలమారింది. టీచరమ్మ కళ్లలో నీళ్లు తిరిగేంతగా నవ్వింది.

తొమ్మిది రోజులు గడిచాయి. పంపుల కంపెనీ లెక్కలు చూసే ఆడిటర్ రాజీనామా చేశాడు. లేని పంపులు అమ్మినట్టు, లేని గోదాముల్లో సరుకున్నట్టు కంపెనీ రాసుకుందని వార్త వచ్చింది. ఆ శుక్రవారం తొమ్మిదింటికి మార్కెట్ తెరవగానే షేరు తొంభై ఏడు నుంచి ఎనభై మూడుకు పడింది.

డ్రైవరు మాట నెమ్మదిగా వచ్చింది. "సారూ, ఇప్పుడేం చేయాలి?"

సారు గొంతు సవరించుకున్నాడు. "ఇలాంటివి వస్తుంటాయి. భయపడి అమ్మేవాడే నష్టపోతాడు. పట్టుకుని కూర్చున్నవాడికి ఏమీ కాదు."

ముందురోజు వేరే కంపెనీ గురించి టీవీలో కోటు వేసుకున్న మనిషి అన్న మాటలవి, ఒక్క అక్షరం తేడా లేకుండా. ఆ రోజు ఇంకా కొనేవాళ్లున్నారు. సోమవారానికి లేరు. పొద్దున్న మార్కెట్ తెరిచిన నిమిషంలోనే ఒక రోజులో అంతకంటే పడకూడదన్న హద్దు దాకా పడి ఆగిపోయేది. అమ్ముదామన్నవాళ్లు లక్షల్లో, కొంటామన్నవాడు ఒక్కడూ లేడు. మూడో వారానికి పదకొండు అయింది. తరవాత అసలు అమ్మకాలే ఆపేశారు.

డ్రైవరు ఒక బుధవారం రాలేదు. శుక్రవారం వచ్చినప్పుడు ఉండవలసిన బరువు కంటే నాలుగున్నర కిలోలు ఎక్కువున్నాడు. కళ్ల కింద తిత్తులు. చెప్పులు కాళ్లకు పట్టక వేళ్ల కొసల మీద ఈడ్చుకుంటూ వచ్చాడు.

"బుధవారం ఏమైపోయావు?" అని టీచరమ్మ గట్టిగానే అడిగింది.

"బంధువుల ఇంట్లో పని పడింది."

ఆ తరవాతి వారం సోమవారం వచ్చాడు, బుధవారం రాలేదు. టెక్నీషియన్ అమ్మాయి సారు చేతికి దూది అదుముతూ గొంతు తగ్గించి చెప్పింది. "వారానికి రెండే చాలని కౌంటర్లో రాయించుకున్నాడు సార్. ఖర్చు తగ్గుతుందని. డాక్టరు గారు వద్దని తిట్టారు. మీరైనా చెప్పండి, మీ మాట వింటాడు."

మీ మాట వింటాడు అన్నది విని సారు దూది తనే అదిమి పట్టుకుని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

శుక్రవారం డ్రైవరు వచ్చి పడుకున్నాడు. ఆటల గంటలో అతను టీవీ పెట్టమనలేదు. సారు ఎనిమిదింటి దాకా ఆగి, పక్కకు ఒత్తిగిలి అడిగాడు.

"తమ్ముడూ, నువ్వేమైనా కొన్నావా, ఆ పంపులది?"

డ్రైవరు పైకప్పు వైపు చూస్తూ అన్నాడు, "ఉన్నదంతా."

"ఆపరేషన్‌దా?"

"ఊఁ. డెబ్భై అయిదు ఉన్నప్పుడు కొన్నాను. తొంభై దాటినప్పుడు అమ్మేద్దామనుకున్నాను. ఇంకొంచెం ఆగితే ఆ పావు వంతు పూర్తిగా వచ్చేస్తుందని ఆగాను."

డ్రైవరే మళ్లీ అన్నాడు. "మీకు చెప్పలేదని ఏమనుకోకండి సారూ. చెబితే మీరు కుమిలిపోతారని ఊరుకున్నాను. అసలే మీవి నాకంటే ఎక్కువ పోయుంటాయి. పెద్ద ప్రాణం, తట్టుకోవాలి కదా."

సారు నీళ్లు నమిలాడు. మూడో మంచానికి, రెండో మంచానికి మధ్య రెండు మూరల దూరం. ఆ దూరంలోంచి డ్రైవరు వాచిన మొహం ఆయన్నే జాలిగా చూస్తోంది.

"చాలా పోయాయా?" అని అడిగాడు డ్రైవరు.

"పోయాయి," అన్నాడు సారు.

డ్రైవరు కుడి చెయ్యి చాపాడు. అందలేదు. మంచం కడ్డీ మీద రెండుసార్లు మెల్లగా తట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ రోజు పదకొండున్నరకు డ్రైవరు వెళ్లిపోయాక, బరువు చూసుకునే మిషన్ దగ్గర టీచరమ్మ సారును ఆపింది. గోడ పట్టుకుని నిలబడి, ఊపిరి తీసుకుని అడిగింది.

"మీ దగ్గర ఒక్క షేరైనా ఉందా?"

ఆయన నేల చూశాడు. "లేదు."

"ఎప్పుడైనా ఉందా?"

"లేదు. నేను పేపర్లో ఆ పేజీ ప్రూఫులు దిద్దేవాణ్ని."

టీచరమ్మకు ఆశ్చర్యం కలగలేదు. "నాకు అనుమానమే. డబ్బు పెట్టినవాడు పడుతున్న రోజున టీవీ వైపు చూడలేడు. మీరు కన్నార్పకుండా చూశారు. వాడు చూడలేదు." కర్ర గోడకు ఆనించింది. "గెలుస్తారని నేనూ అన్నాను. నా పాపం నాకుంది. కానీ మీకూ పోయిందని వాణ్ని నమ్మించారు చూడండి, అది చెయ్యకుండా ఉండాల్సింది. సోమవారం చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

సోమవారం డ్రైవరు రాలేదు. ఈసారి సోమవారమే మానేశాడు, బుధవారం వచ్చాడు. కానీ ఆ పూట బీపీ పడిపోయి, వాంతులై, నాలుగు గంటలూ టెక్నీషియన్ అమ్మాయి అతని మంచం దగ్గరే ఉంది. చెప్పే వీలు కలగలేదని సారు అనుకున్నాడు. నిజానికి వెళ్లేముందు డ్రైవరు బెంచీ మీద పావుగంట కూర్చున్నాడు, సారు పక్కనే కూర్చున్నాడు. డ్రైవరు కప్పు మ్యాచ్‌లో రెండో గోల్ గురించి మాట్లాడాడు. సారు విన్నాడు.

శుక్రవారం మూడో మంచం ఖాళీ. సారు తన పూట అయ్యాక కౌంటర్ దగ్గరికి వెళ్లి, డ్రైవరు మానేస్తున్న పూటలకు తను కడతానన్నాడు. ఆ డబ్బు భార్య దగ్గర అడిగి తెచ్చుకున్నదే. కౌంటర్ మనిషి కాగితం తిప్పి చూసి, రోగి వచ్చి సంతకం పెట్టాలన్నాడు. సారు బయటికి వచ్చి మెట్ల మీద నిలబడి డ్రైవరుకు ఫోన్ చేశాడు. అతని భార్య ఎత్తింది.

"పడుకున్నారండీ. ఆయాసంగా ఉందన్నారు. లేపమంటారా?"

"వద్దమ్మా, వద్దు. పడుకోనీ. సోమవారం మాట్లాడతాను."

ఆదివారం మధ్యాహ్నం డ్రైవరు చనిపోయాడు. ఊపిరి అందక టాక్సీలో ఆస్పత్రికి తీసుకొస్తుంటే దారిలోనే గుండె ఆగిపోయింది. సోమవారం పొద్దున్న టెక్నీషియన్ అమ్మాయి మూడో మంచం మీద దుప్పటి మారుస్తూ, వీళ్లిద్దరి వైపు తిరగకుండానే ఆ మాట చెప్పింది. ఏడున్నరకల్లా పదకొండింటి బ్యాచ్‌లోంచి ఎవరినో తెచ్చి అక్కడ పడుకోబెట్టారు. మిషన్ ఖాళీగా ఉంచడానికి లేదు.

టీచరమ్మ ఆ రోజంతా కళ్లు మూసుకునే ఉంది. లేచి వెళ్లేటప్పుడు మాత్రం అంది. "వాళ్లింటికి వెళ్లి చెప్పండి."

"ఇప్పుడు చెబితే ఏం లాభం టీచరమ్మా?"

"లాభనష్టాల సంగతి మీరే మాట్లాడాలి మరి," అని ఆమె కర్ర పట్టుకుని వెళ్లిపోయింది.

మంగళవారం ఆయన చొక్కా మార్చుకుంటుంటే భార్య కుట్టు మిషన్ ఆపి తలెత్తింది. ఎక్కడికి అని అడిగింది. ఆయన అంతా చెప్పాడు. పెళ్లయిన ముప్ఫై నాలుగేళ్లలో అంతసేపు ఏకబిగిన ఆమెతో మాట్లాడింది లేదు. ఆమె చేతిలోని గుడ్డను మడత మీద మడత పెడుతూ విన్నది.

"నువ్వా? షేర్లా?" అని మాత్రం అంది. గుడ్డ పక్కన పెట్టి, "నేనూ రానా?"

"వద్దు."

డ్రైవరు ఇల్లు బస్సు డిపో వెనక వీధిలో, ఒక సైకిల్ షాపు మీది అంతస్తులో ఉంది. ఇనుప మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉన్నాయి. సారు మధ్యలో రెండుసార్లు ఆగవలసి వచ్చింది. వరండాలో తీగ మీద డ్రైవరు జట్టు చొక్కా ఆరేసి ఉంది. ఎప్పుడు ఆరేశారో, ఎండి బిగుసుకుపోయింది. ఛాతీ మీద కంపెనీ పేరు బయటికే ఉంది. ఎవరికీ తియ్యాలని తోచలేదు కాబోలు.

తలుపు తీసింది అక్క. యాభై దాటిన మనిషి. ముంజేతుల మీద ఇస్త్రీ పెట్టె కాలిన మచ్చలు. తమ్ముడికి ఉన్న కళ్లే ఆమెకూ ఉన్నాయి.

"షేర్ల సారా మీరు?" అంది. "రండి. వాడు మీ గురించి చెప్పని రోజు లేదు."

లోపల కుర్చీ వేసింది. డ్రైవరు భార్య వంటగది గుమ్మంలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తల తిప్పి చూసింది.

"మీకు చాలా పోయిందని వాడు బాధపడ్డాడు," అంది అక్క. "శనివారం కూడా అన్నాడు. సారుకి మనకంటే ఎక్కువ దెబ్బ, అయినా పైకి కనబడనివ్వడు అని."

సారు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. దారి పొడుగునా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"నాకేమీ పోలేదమ్మా," అన్నాడు. "నేనెప్పుడూ షేర్లు కొనలేదు. పేపర్లో ఆ ధరలు తప్పుల్లేకుండా దిద్దే పని చేశాను. నాకు తెలిసింది అంతే."

అక్కకు వెంటనే అర్థం కాలేదు. "కొనలేదా? ఆ పంపులది కూడా?"

"అది కూడా."

"మరి వాణ్ని కొనమని ఎందుకు చెప్పారు?"

"కొనమని చెప్పలేదు. పెరుగుతుందని చెప్పాను."

"రెండింటికీ తేడా ఏముంది?"

ఆయన ఆలోచించాడు. "ఏమీ లేదు," అన్నాడు.

"పడటం మొదలైన రోజు అమ్మొద్దన్నారట."

"అన్నాను."

"ఎందుకలా అన్నారు?"

ఆమె అడుగుతున్న తీరులో కోపం లేదు. పోయిన వస్తువు ఏ గదిలో పోయిందో వెతుక్కుంటున్నట్టు ఒక్కో ప్రశ్నా అడుగుతోంది. కోపం ఉంటే ఆయనకు తేలికగా ఉండేది.

"టీవీలో అలా అంటారు. నేనూ అలా అంటే, తెలిసినవాడిలా ఉంటానని అన్నాను. ఊరికే మాట్లాడుకునేవాళ్లం. ఆ నాలుగు గంటలు గడవాలని. ఆటలు, రాజకీయాలు, షేర్లు. నేను చెప్పినదాన్ని పట్టుకుని నిజంగా డబ్బు పెడతాడని..." అక్కడ ఆగిపోయాడు. ఇంత దూరం వచ్చి ఇప్పుడు మళ్లీ అబద్ధం ఆడబోతున్నానని ఆయనకే తెలిసింది. "పెట్టాడేమోనని అనుమానం వచ్చింది. అడగలేదు."

కింద సైకిల్ షాపులో ఎవరో చక్రం తిప్పి బ్రేకు చూస్తున్నారు, ఆ చప్పుడు ఆగి ఆగి వినబడింది.

గుమ్మం దగ్గరి నుంచి డ్రైవరు భార్య మాట్లాడింది. గొంతు ఏడ్చి ఏడ్చి జీరపోయి ఉంది.

"ఆయన ఇంటికి వచ్చి మీ ముగ్గురి మాటలూ మాకు చేసి చూపించేవారు. టీచరమ్మ గొంతుతో ఒకసారి, మీ గొంతుతో ఒకసారి. మీలా గొంతు సవరించుకుని మరీ. సూదులేయించుకుని వచ్చిన మనిషి నవ్వుతున్నాడు కదా అని నేనూ నవ్వేదాన్ని. ఆ కాగితాల మీద నేనూ సంతకం పెట్టాను. ఆయన ఒక్కరే చెయ్యలేదు."

సారు ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరొచ్చి చెప్పకపోయినా బాగుండేది. అంత తెలిసిన సారుకే పోయాయి, మాకు పోవడంలో వింతేముంది అని సరిపెట్టుకున్నాను. ఈ రెండు రోజులూ ఆ ఒక్క మాట పట్టుకునే ఉన్నాను. అది కూడా లేకుండా చేశారు."

ఆమె లేచి వంటగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

సారు కుర్చీలోంచి లేచాడు. లేవగానే కళ్లు బైర్లు కమ్మాయి. గోడ కోసం చెయ్యి చాపితే అక్క వచ్చి మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో ప్రేమ లేదు, చీదరింపూ లేదు. రోజూ బరువులెత్తే మనిషి పట్టు అది.

"మీకూ వాడికి ఉన్న జబ్బే కదా," అంది. "మెట్లు ఒక్కరే దిగలేరు. పదండి."

ఒక్కో మెట్టూ ఆయన ముందు పాదం పెట్టి, రెండో పాదం చేర్చేదాకా ఆగుతూ దింపింది. కిందికి వచ్చాక వదిలేస్తుందనుకున్నాడు. వదల్లేదు. బస్టాపు దాకా నడిపించింది. దారిలో ఒక్కసారే మాట్లాడింది.

"పద్నాలుగు రకాల పరీక్షలు చేశారు నాకు. కిడ్నీ బాగుంది, చిన్న వయసు మనిషిదిలా ఉందన్నారు. ఎవరికి చెప్పుకోవాలో తెలియడం లేదు."

స్టాపులో సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టి ఆమె పక్కన నిలబడింది. ఎండ నిలువునా ఉంది. రెండు బస్సులు ఆయన వైపువి కాక వెళ్లిపోయాయి.

"సారూ," అంది ఆమె, రోడ్డు వైపే చూస్తూ. "మీరు ఇంకెప్పుడూ మా ఇంటికి రాకండి."

"రాను."

"టీచరమ్మని కూడా రావద్దని చెప్పండి. వస్తే మరదలు తట్టుకోలేదు."

"చెబుతాను."

ఆయన బస్సు వచ్చింది. కడ్డీ పట్టుకుని మొదటి మెట్టు ఎక్కి, ఊపిరి తీసుకుని, రెండోది ఎక్కాడు. వెనక్కి తిరిగి చూసేటప్పటికి ఆమె అప్పటికే రోడ్డు దాటేసింది. ఇంటి వైపు కాకుండా లాండ్రీ వైపు నడుస్తోంది.